1989 టూర్ డి ఫ్రాన్స్: ఆ 8 సెకన్లు నిజంగా హ్యాండిల్‌బార్ వల్లేనా?

బ్రాడీపేట_బైకర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం బెంగళూరు, ఉండేది బెల్లందూరు. సైకిల్ పట్టి రెండేళ్లయింది. ఆదివారమొస్తే నంది కొండ, మామూలు రోజుల్లో తెల్లారకముందే సర్జాపుర రోడ్డు మీద ఒక రౌండు. అంతకుమించి గొప్పలేం లేవు.

పోయిన నెల దేవనహళ్లి అవతల మా గ్రూపు వాళ్లం సరదాగా ఒక టైమ్ ట్రయల్ పెట్టుకున్నాం, అంటే ఒక్కొక్కరే బయల్దేరి గడియారంతో పోటీపడటం. 10 కిలోమీటర్లు వెళ్లి, వెనక్కి తిరిగి మళ్లీ 10. మా ఆఫీసులో పనిచేసే ఒకతను నన్ను 11 సెకన్ల తేడాతో కొట్టేశాడు. అతని సైకిల్‌కి ఏరో బార్లున్నాయి. అవే, మోచేతులు ఆనించి చేతులు ముందుకి చాపుకునే కొమ్ములు. నాకు లేవు. అప్పట్నుంచీ క్యాంటీన్లో కనపడితే చాలు, ఒకటే పాట: "1989లో ఫిన్యోన్‌కి జరిగిందే నీకూ జరిగింది బాస్!"

ఆ ఫిన్యోన్ ఎవరా అని రాత్రి కూర్చుని వీడియోలు చూశాను. టూర్ డి ఫ్రాన్స్ అంటే ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు. 1989లో చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరే తొక్కాలి. మొత్తం టైములో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ లోరాన్ ఫిన్యోన్ ఒంటి మీద ఉంది, 50 సెకన్లు ముందున్నాడు. గ్రెగ్ లెమాండ్ ఏరో బార్లు బిగించి, వెనక తోకున్న హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. ఫిన్యోన్‌కి మామూలు కొమ్ములు, బోడి నెత్తి, వెనక పిలకజుట్టు గాలికి ఎగురుతూ ఉంది. 58 సెకన్లు పోగొట్టుకున్నాడు. మూడు వారాల టూర్ మొత్తం 8 సెకన్లలో పోయింది. ప్రతి వీడియోలోనూ ఒకటే మాట, హ్యాండిల్‌బార్ వల్ల గెలిచాడని.

ఇది నిజమేనా? నిజమైతే నేనూ కొనాలా? "పదకొండు సెకన్లకి అన్ని వేలా?" అని మా ఆవిడ ఇప్పటికే ఒకసారి అడిగింది, రెండోసారి అడిగేలోపు ఒక సమాధానం కావాలి.

---

వైట్‌ఫీల్డ్_వాట్స్

కొనెయ్ బ్రో, ఆలోచించకు. 40 దాటిన స్పీడులో మన బలమంతా గాలిని తొయ్యడానికే పోతుంది. అందులోనూ సైకిల్ కంటే మన ఒళ్లే పెద్ద అడ్డం. మోచేతులు దగ్గరికొస్తే గాలికి ఎదురయ్యే ఛాతీ తగ్గుతుంది, అంతే సంగతి. ఆ బార్ డిజైన్ చేసిన బూన్ లెనన్ అసలు స్కీయింగ్ కోచ్. మంచు మీద కిందికి జారేవాళ్లు చేతులు ముందుకి పెట్టి ఒదిగిపోతారు చూడు, అదే పొజిషన్ని సైకిల్ మీదికి తెచ్చాడు. ముందు ట్రయాథ్లాన్ వాళ్లు పట్టుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి లెమాండ్ పట్టుకున్నాడు.

ఇక ఫిన్యోన్ సంగతంటావా, ముందు రోజు తిరుపతి వెళ్లి గుండు కొట్టించుకుని వచ్చుంటే టూర్ గెలిచేవాడు. స్వామి తలనీలాలే అడుగుతాడు, పసుపు జెర్సీ అడగడు కదా.

---

జాలహళ్లి_రిటైర్డ్

నాయనా బ్రాడీపేటా, కొనాలా వద్దా అనేది నువ్వూ నీ భార్యా తేల్చుకోండి. 1989 లెక్క మాత్రం నాకు వదిలెయ్. అది నా నోటుబుక్కులో ఉండాది.

మాది హిందూపురం. 1974లో జాలహళ్లి హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీలో చేరినా, రిటైరయ్యేదాకా అదే బెంచీ. బిగింపు అయిపోయిన వాచీలకు టైము సరిచేసేది నా పని. మత్తికెరె నుంచి ఫ్యాక్టరీకి అట్లాస్ సైకిల్ మీద పోయేటోళ్లం. షిఫ్టు విడిచే టయానికి గేటు ముందర యాడ చూసినా సైకిళ్లే. రేసు సైకిల్ అనేదాన్ని కంటితో చూసింది మాత్రం లేదు.

1989 జూలైలో క్యాంటీన్ బల్ల మీద ఎవరో వదిలేసిపోయిన ఇంగ్లీషు పేపరు, ఆటల పేజీ అడుగున నాలుగు వేళ్లంత వార్త. మూడు వారాల పందెం, 3,285 కిలోమీటర్లు, మొదటోనికీ రెండోవానికీ తేడా 8 సెకన్లు. ఆ ముక్క చింపుకొని జేబులో పెట్టుకున్నా. ఏంటికంటే సెకను అనేది మా కూడు కదప్పా.

లెమాండ్ మొత్తం టైము 87 గంటల 38 నిమిషాల 35 సెకన్లు. అంటే వాచీ లెక్కలో మూడున్నర రోజుల పైచిలుకు. అంతసేపట్లో 8 సెకన్ల తేడా అంటే రోజుకు రెండు సెకన్ల చిల్లర. చేత్తో కీ ఇచ్చే జనతా వాచీ రోజుకు రెండు సెకన్ల తేడాతో నడిస్తే మా సూపర్‌వైజరు దాన్ని ఎత్తిపట్టి అందరికీ చూపించేటోడు. ఈ ఇద్దర్నీ రెండు వాచీలనుకో. మా బెంచీ మీదికి వచ్చింటే రెండూ పాస్ అని రాసి ఒకే డబ్బాలో పెట్టేసుంటాము. పారిస్‌లో మాత్రం ఒకనికి పసుపు జెర్సీ ఇచ్చి ఇంకొకన్ని జీవితాంతం ఏడిపించినారు.

ఇప్పుడు బార్ విషయానికొస్తా. వాచీ వెనకబడతాంటే కొత్తగా చేరిన పిల్లోడు ఏం చేస్తాడంటే, వెనక మూత తీసి, రెగ్యులేటర్ ముల్లును ఫాస్టు వైపు ఒక్క వెంట్రుకవాసి జరిపి, అయిపోయిందంటాడు. అట్ల చేస్తే మాకు చీవాట్లు పడేవి. ముందు దాన్ని టైమింగ్ మిషను మీద పెట్టల్ల. సెకనుకు ఐదు టిక్కులు. ఒక్కో టిక్కుకీ కాగితం పట్టీ మీద చుక్క పడతాది. చుక్కలు నేరుగా పోతే వాచీ సరిగ్గా ఉండాదని, వాలుగా పోతే తేడా ఉండాదని అర్థం. డయలు పైకి పెట్టి ఒకసారి చూడల్ల, బోర్లించి ఒకసారి, నిలబెట్టి ఒకసారి, కీ కిందికి వచ్చేట్లు తిప్పి ఇంకోసారి. పడుకున్నప్పుడు బాగుండి నిలబెడితే వెనకబడే వాచీలు శానా ఉంటాయి. సెకను ఏ పొజిషన్లో పోతాందో చూడకుండా ముల్లు జరిపేది పని కాదు. ఈ వీడియోలోళ్లు చేసేది అదే. చివరి రోజు ఒక్క పొజిషన్లో చూసి బార్, బార్ అని అరుస్తాండారు.

రేసును అన్ని పొజిషన్లలో పెట్టి చూద్దాం రా.

లక్సెంబర్గ్‌లో మొదలు. ప్రొలోగ్‌లో, అంటే మొదటి రోజు చిన్న టైమ్ ట్రయల్లో, లెమాండ్, ఫిన్యోన్ ఇద్దరిదీ ఒకే టైము. అక్కడ ఇంకొక కత జరిగింది, చెప్పకుండా ఉండలేను. ముందటి సంవత్సరం టూర్ గెల్చిన పెద్రో దెల్గాదో స్టార్టు దగ్గరికి 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చినాడు! పక్క వీధుల్లో కాళ్లు వేడి చేసుకుంటా దారి తప్పినాడంట. గడియారం ఆగదు కదా, ఆయప్ప లేకుండానే ఆయప్ప టైము నడిచింది. దాని ఎనకాలే జట్టంతా కలిసి తొక్కే టీమ్ టైమ్ ట్రయల్లో జావగారిపోయి, రెండు రోజులకే అందరికన్నా అడుగున, ఏడు నిమిషాల పైన వెనకబడినాడు. అయినా పారిస్‌లో మూడో స్థానం, తేడా 3 నిమిషాల 34. షిఫ్టుకు లేటుగా వచ్చినోళ్లను గేటు దగ్గర నిలబెట్టినప్పుడల్లా నాకు ఆయప్పే గుర్తొచ్చేటోడు.

సరే, మనోళ్ల లెక్క. ఆ టీమ్ టైమ్ ట్రయల్ ఫిన్యోన్ జట్టు సూపర్ యు గెల్చింది, లెమాండ్ జట్టు ఏడీఆర్ 51 సెకన్లు వెనక. ఈ 51 ఫిన్యోన్ ఒక్కడి కాళ్లవి కాదు, జట్టు కట్టి ఇచ్చిన కట్నం. ఐదో స్టేజీ దినార్ నుంచి రెన్‌కు 73 కిలోమీటర్లు ఒంటరి తొక్కుడు. లెమాండ్ ఆ బార్లతోనే తొక్కి ఫిన్యోన్ మీద 56 లాగినాడు. లెమాండ్ 5 సెకన్లు ముందు. పిరనీస్‌లో సూపర్‌బాన్యేర్ ఎక్కేటప్పుడు ఫిన్యోన్ 12 తీసుకున్నాడు. ఇప్పుడు ఫిన్యోన్ 7 ముందు. గాప్ నుంచి ఓర్సియేర్ మెర్లెట్‌కు కొండ ఎక్కే టైమ్ ట్రయల్, 39 కిలోమీటర్లు. లెమాండ్ 47 లాగినాడు. 40 ముందు. బ్రియాన్సోన్ దగ్గర ఇంకొక 13. 53 ముందు. ఆల్ప్ ద్యుయెజ్ మీద ఫిన్యోన్ ఒక్క దెబ్బకు 79 తీసుకున్నాడు. ఫిన్యోన్ 26 ముందు. మరుసటి రోజు విలార్ ద లాన్స్‌లో తానే గెల్చి ఇంకొక 24. మొత్తం 50. చివరికి పారిస్‌లో 58 పోయింది.

జమాఖర్చు రాసుకో. లెమాండ్ తీసుకున్నవి 56, 47, 13, 58. మొత్తం 174. ఫిన్యోన్ తీసుకున్నవి 51, 12, 79, 24. మొత్తం 166. పోతే 8. ఈ లెక్క తేలిన రోజు నాకు నిద్ర పట్టలేదు నాయనా. మూడు వారాల్లో ఎనిమిది చోట్ల సెకన్లు చేతులు మారినాయి, ఏ ఒక్కచోట రవ్వంత తేడా పడినా పసుపు జెర్సీ తారుమారు.

ఇందులో ఓర్సియేర్ మెర్లెట్ 47 చూడు. ఎగుడు దారిలో స్పీడు తక్కువ, గాలి లెక్క తగ్గి మనిషి బరువూ బలమూ లెక్కకొస్తాయి. ఆడ కూడా లెమాండే ముందు. అంటే గడియారంతో పోటీ పడేటప్పుడు ఈయప్ప ఆయప్పకన్నా గట్టోడు. రోడ్డు మీద, కొండల్లో నలుగురితో తొక్కేటప్పుడు ఫిన్యోన్ గట్టోడు. కొండల్లో లెమాండ్‌కు దొరికింది ఆ 13 ఒక్కటే.

ఇక నా మనసులో మాట. ఫిన్యోన్ ఓడిపోయింది పారిస్ షాంజెలీజే వీధిలో కాదు, ఆల్ప్ ద్యుయెజ్ మీద. నవ్వాకండి. ఫిన్యోన్ జట్టు మేనేజరు సిరిల్ గిమార్‌కు లెమాండ్ కొత్తోడు కాదు, రెనో జట్టులో తాను పెంచినోడే. లెమాండ్ ఒళ్లు ఊగే తీరు చూసి వీడు అయిపోయినాడని కారులో నుంచే పసిగట్టినాడు. ఫిన్యోన్ దగ్గరికొచ్చి ఇప్పుడు దూకు అన్నాడు. ఫిన్యోన్ కాళ్లలో ఆ నిమిషానికి సత్తువ లేదు. తేరుకొని దూకేసరికి మిగిలింది నాలుగు కిలోమీటర్లే. ఆ నాలుగు కిలోమీటర్లలోనే 79 సెకన్లు వచ్చినాయి. ఒక్క కిలోమీటరు ముందు దూకింటే? లెక్క నువ్వే వేసుకో.

పారిస్ రోజుది మా కొడుకు ఫోన్లో చూపించినాడు, పోయిన సంక్రాంతికి. లెమాండ్ ముందు బయల్దేరినాడు, రెండు నిమిషాల తర్వాత ఫిన్యోన్. దారిలో నాకు టైము చెప్పాకండి అని లెమాండ్ తన కారోళ్లకు చెప్పినాడంట! జీవితమంతా టైము చూసినోన్ని కదా, నాకది మింగుడు పడలేదు, తర్వాత అర్థమయింది. 26 నిమిషాల 57 సెకన్లకు గీత దాటినాడు, గంటకు 54.545 కిలోమీటర్లు. దారి కొంచెం దిగుడు, గాలి కూడా వెనక నుంచే. అంటే ఫిన్యోన్‌కు 27 నిమిషాల 47 సెకన్ల దాకా గడువు. లెమాండ్ పక్కకొచ్చి నిలబడి చూస్తాండాడు. గడియారం 27:45, 27:46, 27:47. ఫిన్యోన్ ఇంకా రోడ్డు మీదనే. 27:55కు దాటి కింద పడిపోయినాడు. ఆయప్ప స్పీడు ప్రకారం 8 సెకన్లంటే దగ్గర దగ్గర 117 మీటర్లు. మా ఫ్యాక్టరీ గేటు నుంచి క్యాంటీనంత దూరం.

ఇంకొక మాట. ఆ రోజు ఫిన్యోన్ నిదానంగా పోలేదు. స్టేజీలో మూడో టైము ఆయప్పదే. గంటకు 52 కిలోమీటర్ల పైన తొక్కి ఓడిపోయినాడు.

---

బ్రాడీపేట_బైకర్

బాబాయ్ గారూ, దండం. మీ లెక్క చదివి కాఫీ చల్లారిపోయింది. ఆఫీసులో ఆ 174, 166 వైట్‌బోర్డు మీద రాశాను, క్యాంటీన్ హీరో రెండు నిమిషాలు నోరెత్తలేదు. తర్వాత "సరే, మరి ఫిన్యోన్‌కి కూడా బార్ ఇచ్చుంటే?" అన్నాడు. దానికేం చెప్పాలి?

---

నెల్లూరు_నర్సమ్మ

దానికి నేను చెప్తాను తమ్ముడూ. ఇచ్చినా అతను వాడగలిగేవాడా అని నాకు అనుమానం.

నేను బన్నేరుఘట్ట రోడ్డు వైపు ఒక ఆసుపత్రిలో నర్సుని, సెలవు దొరికితే బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్లు, తొక్కుతా. ఫిన్యోన్‌కి పారిస్ చేరబోయే ముందు కూర్చునే చోట పుండు లేచింది. ఎవరికీ చెప్పకుండా దాచాడు, రాత్రిళ్లు నిద్ర కూడా సరిగా లేదు. వీడియోల్లో ఈ మాట ఒక్క ముక్కలో తేల్చేసి మళ్లీ పిలకజుట్టు మీదికి వెళ్తారు. సెగ్గడ్డ రాని వాళ్లకి అది చిన్న విషయంలాగే కనపడుతుంది మరి.

నాకు ఒకసారి 600 కిలోమీటర్ల బ్రెవేలో వచ్చింది. 40 గంటల్లో పూర్తి చెయ్యాలి. చిత్రదుర్గ వైపు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు, రెండో రోజు పొద్దున, తొడ మొదట్లో కందిగింజంత గట్టిగా తగిలింది. చెమట, ఒరిపిడి, రోజంతా తడి బట్ట. వెంట్రుక కుదుట్లోకి క్రిమి దూరితే ఇక చీము పట్టడమే. మధ్యాహ్నానికి శనగ్గింజంత. నేను కూర్చోవడమే మానేశాను. కుడివైపు బరువు వెయ్యలేక ఎడమవైపు ఒరిగి తొక్కితే సాయంత్రానికి ఎడమ మోకాలు కూడా పట్టేసింది. తుమకూరు దగ్గర ఒక టీ అంగడి ఆయన స్టూలు వేసి "కూతుకొళ్లి మేడం" అంటే ఏడుపొచ్చింది. కూర్చోగలిగితేగా!

టైమ్ ట్రయల్ బార్ మీద వాలితే నడుము ముందుకి తిరుగుతుంది, బరువంతా సీటు ముందు కొస మీద పడుతుంది. మామూలు కొమ్ములైతే కనీసం అప్పుడప్పుడూ లేచి నిలబడొచ్చు. పుండున్న మనిషి ఆ పొజిషన్లో 27 నిమిషాలు కదలకుండా ఉండాలంటే... ఊహకే వద్దు. గాలి దగ్గర మిగిలిన సెకన్లు సీటు దగ్గర పోయేవేమో.

అడక్కపోయినా ఒక సలహా: రైడు అవగానే ఆ షార్ట్స్ విప్పెయ్యండి. ఫిల్టర్ కాఫీ, ఇడ్లీ, గంటసేపు కబుర్లు అన్నీ తడి షార్ట్స్‌లోనే కానిస్తారు నంది కొండ బ్యాచ్ మొత్తం. చూస్తున్నా నేను.

---

కోరమంగళ_క్లీట్

అందరూ ఫిన్యోన్ మీద జాలి కురిపిస్తున్నారు, లెమాండ్ తరఫున నేను వాదిస్తా.

1986లో టూర్ గెలిచాడు, గెలిచిన మొదటి అమెరికన్. 1987 ఏప్రిల్లో వేటకెళ్తే సొంత బావమరిదే పొరపాటున కాల్చాడు. చావు తప్పింది. ముప్పైకి పైగా సీసపు గుళ్లు ఒంట్లోనే ఉండిపోయాయి, కొన్ని గుండె పొరలో. 1987, 88 టూర్లు రెండూ పోయాయి. 1989లో వచ్చింది బలమైన జట్టుతో కూడా కాదు, కొండల్లో పక్కన తోడుండే మనిషి దాదాపు లేడు. ఆ మనిషి 50 సెకన్లు పూడ్చి గెలిస్తే "బార్ గెలిచింది" అనడం అన్యాయం కాదూ? మరుసటి నెలలో షాంబెరీలో ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా కొట్టాడు. అది మామూలు రోడ్డు రేసు, స్ప్రింటులో తేలింది. అక్కడ ఏ కొమ్ములు గెలిపించాయి?

ఇంకోటి. 8 సెకన్లు టూర్‌లో తక్కువే గానీ, 1984లో స్పెయిన్ రేసు వుఎల్తాలో ఎరిక్ కారితూ గెలిచింది 6 సెకన్ల తేడాతో. దానికి వీడియోలు చేసే నాథుడు లేడు. పారిస్ కాదుగా.

టైమ్ ట్రయల్లో తలకిందులవడం అంటే నాకైతే 2020 టూర్ గుర్తొస్తుంది. రోగ్లిచ్ 57 సెకన్లు ముందున్నాడు, లా ప్లాన్ష్ దె బెల్ ఫీ కొండ మీదికి 36.2 కిలోమీటర్లు. పొగాచర్ దాన్ని తిరగేసి చివరికి 59 సెకన్లతో టూర్ పట్టుకుపోయాడు. కొండ మొదలయ్యేదాకా ఇద్దరి దగ్గరా టైమ్ ట్రయల్ బైకులే, బార్లు ఇద్దరికీ ఉన్నాయి! రోగ్లిచ్ హెల్మెట్ నెత్తిన వంకరగా, కుదురు లేకుండా కూర్చుంది, ముఖం పాలిపోయింది. ఆ రోజు కాళ్లలో ఉన్నవాడు గెలిచాడు, అంతే.

చివరి రోజు టైమ్ ట్రయల్ అనే ముచ్చట కూడా 1989 తర్వాత మళ్లీ 2024లోనే చూశాం. అదీ ఒలింపిక్స్ వల్ల పారిస్ ఖాళీ లేక మొనాకో నుంచి నీస్‌కి పెడితే. అప్పటికే పొగాచర్ చాలా ముందున్నాడు, ఎవరి గుండే ఆగలేదు.

---

జాలహళ్లి_రిటైర్డ్

క్లీట్ నాయనా, నేనెక్కడ లెమాండ్‌ను తక్కువ చేసినా? 174 రాసింది నేనే కదా. బార్ గెల్చిందని నేను కూడా అనలేదు.

నర్సమ్మ తల్లీ, నువ్వు చెప్పింది నా నోటుబుక్కులో లేదు. చివరి 58 పక్కన పెన్సిల్‌తో "సెగ్గడ్డ" అని రాసుకున్నా. ఎన్ని సెకన్లో రాయలేదు, ఆ మిషను నా దగ్గర లేదు.

ఒకటి మాత్రం బాధ కలిగిస్తాది. ఫిన్యోన్ 1983లో, 84లో టూర్ గెల్చినోడు. 84లో ఇదే లెమాండ్ మూడో స్థానం. 89లోనే ఇటలీ పెద్ద రేసు 'జీరో ద్ ఇటాలియా' కూడా గెల్చినాడు. 2010లో యాభై ఏళ్లకే క్యాన్సర్‌తో పోతే, ఆ వార్తలో కూడా ముందు 8 సెకన్లే రాసినారు. నేను కూడా అదే రాస్తాండా, చూడు.

బ్రాడీపేటా, నీ 11 సెకన్ల సంగతి ఎవరూ అడగలేదు. మీ కాలంలో ఫోన్లోనే అన్నీ రికార్డవుతాయి కదా? పోయేటప్పుడు ఎంత, తిరిగేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత, విడగొట్టి చూసినావా? ముందు పొజిషన్లు మార్చి చూడు. ముల్లు జరిపేది తర్వాత.

---

వైట్‌ఫీల్డ్_వాట్స్

అంకుల్, నేను కొత్తగా చేరిన పిల్లోణ్ణి, ఒప్పుకుంటున్నా. గుండు జోకు మాత్రం వెనక్కి తీసుకోను.

---

బ్రాడీపేట_బైకర్

బాబాయ్ గారూ, చూశాను. చూసి అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇద్దరి రికార్డింగులూ పక్కపక్కన పెట్టాను. వెళ్లేటప్పుడు అతను నాకంటే 7 సెకన్లు ముందు. అది బార్ అనుకోండి, కాళ్లనుకోండి. తిరిగొచ్చేటప్పుడు, ఎదురుగాలిలో, నేనే అతనికంటే 5 సెకన్లు ముందు! ఇది మాత్రం అస్సలు ఊహించలేదు, బార్ లేకుండానే. మరి మిగతా 9? మలుపు దగ్గర. అక్కడ రోడ్డు పక్కన కొబ్బరిబోండాల టెంపో ఒకటి అడ్డంగా ఆగి ఉంది. నేను భయపడి బూటుని పెడల్‌కి బిగించే క్లీట్‌ని ఎడమ కాలికి ఊడదీసి నేల మీద పెట్టి, సైకిల్ని దాదాపు చేత్తో తిప్పుకుని, మళ్లీ క్లీట్ తగిలించడానికి మూడుసార్లు తంటాలు పడ్డాను. అతను నాకంటే ముందు బయల్దేరినవాడు, అప్పటికి టెంపో రాలేదట. నాకు మలుపు 15 సెకన్లు, అతనికి 6.

7 పోయి, 9 పోయి, 5 వచ్చి, మొత్తం 11. మీ పద్ధతిలోనే జమాఖర్చు రాసి మా ఆవిడకి చూపించాను. "అయితే బార్ అక్కర్లేదుగా, మలుపు తిప్పడం నేర్చుకో" అంది. నిజమే. మొన్న పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు కోన్లు పెట్టుకుని ఇరవైసార్లు తిప్పాను. వాచ్‌మన్ సైకిల్ కొత్తగా నేర్చుకుంటున్నానేమో అనుకుని వెనక సీటు పట్టుకోడానికొచ్చాడు.

బార్లు నిన్న రాత్రే ఆర్డర్ పెట్టేశాను. ఆఫీసు అడ్రసుకి వస్తాయి. ఈ థ్రెడ్ లింకు మా ఇంటి గ్రూపుల్లో ఎవరూ పెట్టకండి, మీకు పుణ్యముంటుంది.